ఇత్తడి రేకు మీద అంతయ్య మొహం

కరీంనగర్‌లో టవర్ సర్కిల్ వెనక గల్లీలో తహసీన్ కొట్టు ఎక్కడుందని ఎవరినీ అడగాల్సిన పని లేదు. ఊళ్లో ఏ గేటు ముందు నిలబడ్డా ఆమె చేతి రాతే కనబడుతుంది. వకీళ్లు, డాక్టర్లు, రిటైరైన హెడ్‌మాస్టర్లు, దుబాయి నుంచి వాపసొచ్చి డాబా కట్టుకున్నవాళ్లు, అందరి పేర్లూ ఆమె ఇత్తడి రేకు మీద మందుతో కొరికించినవే. ఆ అక్షరాలు ఎంత లోతుగా దిగుతాయంటే, ఒక వకీలు ఇల్లు అమ్ముకుని పోయినా గేటు మీద ఆయన పేరు ఊడి రాలేదట. ఇల్లు కొన్నాయన పీకి పీకి విసిగిపోయి, చివరికి తన పేరే మార్చుకున్నాడట. ఆమె రేకుల మెరుపులో తమ నీడ చూసుకుని కాకులు కొట్లాటకు దిగి ముక్కులు అరగదీసుకున్నాయని కూడా చెబుతారు. ముక్కు అరిగిన కాకిని ఎవరూ చూపించలేదు. అది అబద్ధమని కూడా ఎవరూ రుజువు చేయలేదు.

ఈ పని ఆమెకు తండ్రి జియావుల్లా నుంచి వచ్చింది. ఆయన కాలంలో అంతా ఉలీ సుత్తీ. ఒక్కో అక్షరం చెక్కేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. పొడుగు పేరున్న గిరాకీ వస్తే ముందు గ్లాసుడు మంచినీళ్లు తాగి, ఇంట్లోవాళ్లకు ఓ మాట చెప్పి మరీ కూర్చునేవాడు. ఆయన కళ్లు మందగించాక తహసీన్ ఇంటర్ మొదటి సంవత్సరంలోనే కాలేజీకి సలాం కొట్టి కొట్లో కూర్చుంది. ఆ తర్వాత పక్క మడిగెలో జిరాక్స్ షాపు నడిపే సాద్‌ను పెళ్లాడింది. మొగుడి కోసం కాదు, మిషన్ కోసం చేసుకుందని గల్లీలో ఇప్పటికీ ఆటపట్టిస్తారు. సాద్ కూడా నవ్వుతాడు. నవ్వక ఏం చేస్తాడు, సగం నిజమే కదా.

మిషన్ వచ్చాక ఉలి మూలకు పోయింది. సాద్ కంప్యూటర్లో పేరు పేర్చి, అద్దంలో కనబడినట్టు దాన్ని తిప్పి, చుట్టూ నలుపూ అక్షరాల చోట తెలుపూ ఉండేలా నున్నటి కాగితం మీద ప్రింటు తీస్తాడు. తహసీన్ చింతపండుతో, బూడిదతో రేకును తోమి, కాగితాన్ని దాని మీద బోర్లా పరిచి, ఇస్త్రీ పెట్టెతో ఒత్తుతుంది. వేడికి కాగితం మీది నల్లపొడి కరిగి రేకును పట్టుకుంటుంది. తర్వాత నీళ్లలో నానేసి బొటనవేలితో రుద్దితే కాగితం పీచుపీచుగా ఊడిపోతుంది, నలుపు మాత్రం రేకునే అంటుకుని ఉంటుంది. ముందే తిప్పిన అక్షరాలు బోర్లా పడి ఇంకోసారి తిరుగుతాయి కాబట్టి రేకు మీద సూటిగా చదవొస్తాయి. ఇక ఫెర్రిక్ మందు తొట్టిలో వేస్తే, నలుపు ఉన్నచోట మందు పన్ను దిగదు. ఖాళీగా ఉన్నచోట ఇత్తడిని కొరుక్కుంటూ లోపలికి పోతుంది. ఆ గుంటల్లో రంగు నింపితే పేరు తయారు.

పెళ్లయిన కొత్తలో "తిప్పినవా?" అని అడిగేది తహసీన్. ఇప్పుడు అడగదు. సాద్ వేలు దానంతటదే పోయి ఆ మీట నొక్కుతుంది.

ఆమెకు అచ్చు పిచ్చి పట్టించింది వందన. మంచిర్యాలలో పిల్లలకు బొమ్మలు నేర్పే టీచరు. నేమ్‌ప్లేట్ చేయించుకోవడానికి వచ్చి, రంగు నింపని రేకును వేలితో తడిమి చూసింది. "తహసీన్, ఇందుల సిరా కూరి, మీద తుడిచి, తడి కాగితం పెట్టి ఒత్తితే బొమ్మ కాగితం మీదికి వస్తది. తెల్సా?" అంది. ఆమె ఇంట్లో రెండు ఇనుప రోలర్ల మిషన్ ఉంది. తహసీన్ మొదటిసారి చూసినప్పుడు చెరుకు రసం బండి అనుకుంది. మిషన్ హ్యాండిల్ తిప్పి, కాగితం లేపి చూశాక మాత్రం బండి సంగతి మరిచిపోయింది. రేకులో గుంటగా ఉన్నది కాగితం మీద నల్లటి వెల్వెట్‌లా ఉబ్బి ఉంది. ఆ రోజు నుంచి సెలవు దొరికితే మంచిర్యాల బస్సే. రావి ఆకు, కొట్టు తాళంకప్ప, చాయ్ గ్లాసు, కనబడినదల్లా ఫొటో తీసి రేకుకెక్కించి అచ్చు వేసింది. వాటిని కొట్లో తీగకు వేలాడదీసింది. ఆ తాళంకప్ప అచ్చును చూసి ఒక దొంగ గల్లీ మొదట్లోనే వెనక్కి మళ్లాడని వినికిడి.

కానీ ఆమె మనసు ఆకుల మీదా తాళాల మీదా లేదు, మొహాల మీద ఉంది. బస్సులో ఎదుటి సీటులో కూర్చున్నవాళ్లను కన్నార్పకుండా చూసి తిట్లు తినేది. ఆ ముడతలు, ఆ కళ్లకింది నీడలు రేకులో దిగితే ఎలా ఉంటుందని ఒకటే ఆలోచన. తండ్రి మాత్రం ఒప్పుకోలేదు.

"పేరు ఇత్తడి మీద ఉంటది బేటా, మొహం ఉండది," అనేవాడు జియావుల్లా. "పేరు పుట్టిననాడు ఎట్లున్నదో పోయిననాడు గట్లనే ఉంటది. మొహం పొద్దుగాలొక తీరు, మాపటికొక తీరు. దాన్ని యాడని పడ్తవ్?"

అలాంటప్పుడు దిగాడు అంతయ్య. శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పని చేసి రిటైరైన మనిషి. నస్పూర్‌లో ఇల్లు కట్టుకుని, గేటుకు పేరు కావాలని వచ్చాడు. గనిలో దుంగ తగిలి ముక్కు కాస్త పక్కకు వంగింది. ఒక కనుబొమ్మ పైకి, ఒకటి కిందికి. నవ్వితే పెదవి ఒక వైపే లేస్తుంది. తహసీన్ కొలతలు అడగడం మరిచిపోయి ఆ మొహాన్నే చూస్తూ ఉండిపోయింది.

"కాకా, జర గిటు వెలుతుర్ల కూసో. నీ ఫొటో తీస్త."

"తీసి ఏం జేస్తవ్ బిడ్డా? ఫొటోలల్ల నేను నాలెక్క రాను," అన్నాడు అంతయ్య. ఈ విషయంలో ఆయన పేరు మోసినవాడే. మంచిర్యాల నుంచి జమ్మికుంట దాకా ఆయనతో తగువు పడని ఫొటో స్టూడియో లేదు. "నౌకరి జేసినన్ని దినాలు నా కార్డు మీద ఎవడో పరాయోడే ఉన్నడు. జీతం నేను తీసుకున్న గని, మొహం వానిదే."

"ఫొటో వేరు, ఇది వేరు. నేను ఇత్తడిల దింపుత. ఇత్తడి అబద్ధం ఆడదు."

"ఎవలు చెప్పాలె అబద్ధం ఆడలేదని?"

"నువ్వే చెప్పు. చిన్నమ్మను గూడ చెప్పమను." తహసీన్‌కు నోరు ఊరుకోదు, అదొక్కటే ఆమెకున్న జబ్బు. "ఇది నా మొగడేనని చిన్నమ్మ ఒప్పుకోకుంటే, మల్ల జన్మల మొహాల జోలికి పోను. పేర్లే రాసుకుంట బతుకుత. మా అబ్బా సాక్షి."

మూల స్టూలు మీద కునికిపాట్లు పడుతున్న జియావుల్లా టక్కున కళ్లు తెరిచాడు. "సాక్షినే," అన్నాడు.

అప్పుడు గానీ తహసీన్‌కు తెలియలేదు తను ఏం చేసుకుందో. ఆ ఇంట్లో మాట జారితే జారినట్టే. ఎప్పుడో కోపంలో చాయ్ మానేస్తానన్నాడు జియావుల్లా. ఇవాళ్టికీ పొద్దున్నే వేడినీళ్లు ఊదుకుంటూ తాగుతాడు, పక్కన చుట్టాలు చాయ్ తాగుతుంటే మొహం గోడకు తిప్పుకుంటాడు.

అక్షరాలు దింపినంత సులువు కాదు మొహం దింపడం. అక్షరానికి నలుపూ తెలుపూ చాలు. చెంప మీద నీడ ఆ రెండింటికీ నడుమ ఎక్కడో ఉంటుంది. సాద్ ఫొటోను సన్న తెల్ల చుక్కలుగా విడగొట్టాడు, నీడ ఎక్కువున్నచోట ఒత్తుగా, వెలుతురున్నచోట పలుచగా. మొదటి రేకులో ఇస్త్రీ వేడి చాలక నడుమ నలుపు ఊడి, చుక్కలన్నీ ఒకదానిలోకి ఒకటి కలిసి, అంతయ్యకు గడ్డం మొలిచింది. రెండోదాని మీద ఎక్కడో వేలి జిడ్డు మిగిలి నుదుటి మీద నలుపు ఊడిపోయింది. మూడోదాన్ని తోమాక అంచులు పట్టుకునే ఎత్తింది, మాట్లాడితే తుంపర పడుతుందని నోటికి చున్నీ కట్టుకుంది. గల్లీ మొత్తం హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఆ రేకు మందులోంచి బయటికొచ్చి, నలుపు కడిగేశాక, తహసీన్ దాన్ని వాకిలి వెలుతురుకు పట్టింది. ఇత్తడిలోంచి అంతయ్య చూస్తున్నాడు. ముక్కు ఎటు వంగాలో అటే వంగింది. పెదవి ఎటు లేవాలో అటే లేచింది. ఫోన్లో ఫొటో పక్కన పెట్టి చూసింది. రవ్వంత తేడా లేదు. జియావుల్లా కూడా రేకును కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమంటే ఇంకొకరు దండ వేసి మేళం పెట్టించినట్టు.

రేకును పాత చీర గుడ్డలో చుట్టుకుని బస్సెక్కింది. మంచిర్యాలలో వందన సిరా కూరి, అరచేతి కండతో ఒక్కో చెంపను తుడిచి, మిషన్‌లో నడిపింది. కాగితం లేపగానే, "అబ్బ, ఈయన దగ్గేటట్టున్నడు," అంది. ఆమె అంతయ్యను ఎన్నడూ చూసింది కాదు.

అచ్చు ఆరీ ఆరకముందే ఇద్దరూ ఆటోలో నస్పూర్ చేరారు. అంతయ్య కాగితం అందుకుని కుర్చీలో కూర్చున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"గిదీ నేనంటే," అన్నాడు చివరికి. "గిన్నేండ్లకు దొరికిన. ఒసేయ్, జర ఇటు రా."

ఆయన పెళ్లాం పోశవ్వ పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. వంగి చూసింది. తల అటు వంచి చూసింది, ఇటు వంచి చూసింది.

"ఎవలాయన?"

"కండ్లు కనపడ్తలేవా? నేనే."

"నువ్వైతే నాకు తెల్వదా? సచ్చిపోయిన మీ పెద్దన్న లెక్క కొడ్తుండు."

"మా అన్నకు గింత అందం యాడిది?"

"గదే అంటున్న. నీకు గూడ లేదు గదా."

వందనకు నవ్వొచ్చింది. తహసీన్‌కు రాలేదు. "చిన్నమ్మా, మంచిగ చూడు. ఏడ తేడా కొడ్తుంది?"

పోశవ్వ మళ్లీ చూసింది. పాపం, ఆమెకు ఎవరినీ నొప్పించాలని లేదు. "ఏమో బిడ్డా. కండ్లు ఆయనయే. ముక్కు ఆయనదే. మీసం ఆయనదే. అన్ని కలిపితే ఆయన గాడు."

తహసీన్ వెంటనే లేచి పోదామనుకుంది. దర్వాజ దాటనిస్తేగా పోశవ్వ. ఇంటికొచ్చిన ఆడపిల్ల జొన్నరొట్టె తినకుండా పోతే ఆ పాపం తనకు చుట్టుకుంటుందంది. రొట్టె తుంచుతుంటే, బస్సులో చూసిన మొహాలన్నీ ఒకటొకటిగా దిగిపోతున్నట్టుంది తహసీన్‌కు. ఇక రాయాల్సింది పేర్లే. అది కూడా ఎన్నాళ్లు, ఇప్పుడు గేట్లకు లైట్లు వెలిగే ప్లాస్టిక్ బోర్డులొచ్చాయి.

తిన్నాక చేతులు కడుక్కోవడానికి వరండాలోకి వచ్చింది. అంతయ్య అప్పుడే మొహం కడుక్కుని, గోడకు కొట్టిన చిన్న అద్దం ముందు నిలబడి మీసం దువ్వుకుంటున్నాడు. తహసీన్ వెనక నిలబడి, ఊరికే అద్దంలోకి చూసింది.

అద్దంలో తన అచ్చు ఉంది.

అదే ముక్కు, అదే వంపు, అదే పెదవి. అంతయ్య వెనక్కి తిరిగాడు. అచ్చు మాయమై ఇంకో మనిషి నిలబడ్డాడు.

"కాకా, జర మల్ల అద్దం దిక్కు తిరుగు."

తిరిగాడు.

"ఇగ నా దిక్కు. ఇగ అద్దం దిక్కు."

"బిడ్డా, రొట్టె తిన్న కడుపు. నన్ను బొంగరం జెయ్యకు."

తహసీన్ అప్పటికే ఫోన్ తీసింది. ఆమే సాదూ కొట్లాడుకునేటప్పుడు సగం ఉర్దూ, సగం తెలుగు. వందనకు తెలుగు సగమే అర్థమైంది, అదే చాలింది.

"మొహాన్ని తిప్పినవా?"

"ఎప్పటిలెక్కనే తిప్పిన. ఎందుకు?" అన్నాడు సాద్.

"ఎవలు తిప్పుమన్నరు?"

"ఎవలు తిప్పుమనలే. నువ్వు వద్దన్నవా మరి?"

తహసీన్ ఫోన్ పెట్టేసింది. వందన నెత్తి కొట్టుకుంది. "మొదటి దినమే చెప్పిన గదనే. రేకు మీద ఉల్టా ఉండాలె, గప్పుడే కాగితం మీద సీదా వస్తదని."

చెప్పింది, నిజమే. తహసీన్ తలూపింది కూడా. కానీ రావి ఆకు ఎటు తిరిగితే ఎవరికి కావాలి? తాళంకప్పకు కుడెడమలు ఎవరు పట్టించుకుంటారు? నేమ్‌ప్లేట్‌లో రేకే కడపటి సరుకు. రేకు సరిగ్గా ఉంటే పని సరిగ్గా ఉన్నట్టే. ఆ కంటితోనే తహసీన్ వాకిట్లో రేకును చూసి మురిసిపోయింది. రేకులో అంతయ్య సరిగ్గానే ఉన్నాడు, అందుకే కాగితం మీద తిరగబడ్డాడు. అద్దంలో అంతయ్యను చూసేది అంతయ్య ఒక్కడే. ఆయనకు తెలిసిన మొహం అది. పోశవ్వ ఇన్నేళ్లుగా ఎదురుగా నిలబడి చూసింది, తిట్టింది, అన్నం పెట్టింది ఇంకో మొహానికి.

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు తండ్రికి చెప్పింది. దాచడం ఆమెకు రాదు, కాస్త పెంచి చెప్పడమే వచ్చు. ఈసారి పెంచనూ లేదు.

"మాట ఇచ్చిన, ఓడిన," అంది. "ఏం జెయ్యమంటవ్ అబ్బా?"

జియావుల్లా వేడినీళ్ల గ్లాసు కింద పెట్టాడు. ఆయనకు జాలిపడి వదిలేయడం తెలియదు. బేరం బేరమే.

"మాట దేని మీద ఇచ్చినవ్?"

"మొహం మీద."

"నువ్వు తీస్కపోయింది మొహం గాదు బేటా, అద్దం. మొహం ఇంక తీస్కపోలే. మాట అట్లనే ఉన్నది. ఇంకోసారి కాదంటే మాత్రం నన్ను అడగకు."

ఈసారి సాద్ ప్రింటు తీస్తున్నంతసేపూ తహసీన్ అతని చేయి పట్టుకునే కూర్చుంది. పెళ్లయ్యాక ఇంత ప్రేమ ఎన్నడూ చూపలేదని సాద్ గల్లీలో చెప్పుకున్నాడు. రేకు తయారయ్యాక వెలుతురుకు పట్టి చూస్తే, అంతయ్య తిరగబడి ఉన్నాడు. ఆమె చేయి రేకును పక్కకు విసిరేయబోయి ఆగింది. ఇన్నేళ్ల అలవాటు. కళ్లు 'తప్పు' అంటున్న పనిని 'ఒప్పు' అని ఒప్పించుకోవడానికి ఆమెకు ఒక పూట పట్టింది.

మంచిర్యాలలో వందన తీసిన రెండో అచ్చును నస్పూర్‌లో పోశవ్వ చేతికే ఇచ్చింది. దర్వాజ పట్టుకుని నిలబడింది. వందన ఆమె పక్కనే ఉంది.

పోశవ్వ కాగితం అందుకుంది. తల అటూ ఇటూ వంచలేదు. చూడగానే కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"గా మీసం కత్తిరించుకోమంటే ఇనడు," అంది కాగితంతో. "ఎట్ల నవ్వుతుండో చూడు. పండుగకు నా తమ్ముడొచ్చి పోయిననాడు గిట్లనే నవ్విండు. ఏం తప్పు జేసినా గిదే నవ్వు. నీ నవ్వు నాకు తెల్వదా?"

తహసీన్ దర్వాజ వదిలేసింది. ఇంకేం చెప్పాలి, మనిషిని తిట్టినట్టు తిడుతుంటే. వందన ఆమె భుజం గిల్లింది.

అంతయ్య వచ్చి చూసి మొహం చిట్లించాడు. "వీడా? కార్డు మీదున్నోడే మల్ల వచ్చిండు. బిడ్డా, గిది నాకొద్దు. నాకు మొదటిదే ఉండనియ్యి."

"గా మొదటోన్ని ఇంట్ల పెడ్తే నేను మా తల్లిగారింటికి పోత," అంది పోశవ్వ. "ఎవని మొహమో సూసుకుంట వంట ఎట్ల జెయ్యాలె?"

తగువు ఎంతకీ తెగలేదు. చివరికి రెండు అచ్చులకూ పటం కట్టించారు. ముందరి గదిలో అంతయ్యకు తెలిసిన అంతయ్య, వంటింట్లో పోశవ్వకు తెలిసిన అంతయ్య. బాయి దోస్తులు వచ్చినప్పుడు ముందరి గదిలో పటం చూసి, మీ అన్ననా అని అడుగుతారు. అంతయ్య కోపంతో వాళ్లను వంటింట్లోకి తీసుకుపోతాడు. అక్కడ పటం చూసి, ఇగో ఈయనే అని అందరూ ఒప్పుకుంటారు. ఆయనకు అది ఇంకా కోపం. నస్పూర్‌లో ఇప్పుడు చాలా ఇళ్లలో ఇలా రెండేసి పటాలున్నాయని, ఒక ఇంట్లో మొగుడూ పెళ్లాలు కలిసి నాలుగు పటాలు చేయించుకుని చుట్టాలకు కూర్చునే చోటు లేకుండా చేశారని అంటారు. నాలుగు మాట ఏమో గానీ, తహసీన్ కొట్టు ముందు మొహాల కోసం వచ్చేవాళ్లు వరస కట్టడం మాత్రం నిజం. నేమ్‌ప్లేట్ గిరాకీలు ఆ వరసలో నిలబడి విసుక్కుంటూ ఉంటారు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చాక జియావుల్లా లోపలికి పోలేదు. స్టూలును మూలలోంచి వాకిలి వెలుతురులోకి జరుపుకున్నాడు. టోపీ సర్దుకున్నాడు. గడ్డం వేళ్లతో దువ్వుకున్నాడు. కూతురి వైపు చూడకుండా వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు.

తహసీన్ ఫోన్ తీసుకుని ఎదురుగా వచ్చి కూలబడింది. "ఏది జెయ్యాలె అబ్బా? నీకు కనపడేదా, మాకు కనపడేదా?"

"నాది నాకెందుకు? దినం అద్దంల చూస్తనే ఉన్న. మీకు కనపడేది జెయ్యి."

ఆమె ఫోన్ ఎత్తింది. దించింది. కాస్త దగ్గరికి జరిగింది.

"నవ్వాల్నా?" అన్నాడు జియావుల్లా.

"మామూలుగ ఉండు."

"మామూలుగ అంటే నేనెట్లుంట?"

ఆ మాట అడుగుతున్నప్పుడు ఆయన నుదురు ముడిపడింది, ఒక కన్ను చిన్నదైంది, పొడుగు పేరు చెక్కబోయే ముందు ఊపిరి బిగబట్టినట్టు పెదవులు దగ్గరపడ్డాయి.

"గట్లనే ఉండు," అంది తహసీన్. ఫొటో తీసింది.